గోడకు మొల

ఎవరింటికి పోయినా ముందుగాల గోడ చూస్త.
దేవుని పటం కాదు, క్యాలెండర్ కాదు.
కరీమాబాద్‌ల చేరాలు ఇంట్ల
తలుపెనక మొలకు
బస్తాలు లాగే కొక్కెం ఉన్నదా లేదా అని.

ఎనుమాముల మార్కెట్ల ఇరవై రెండేండ్లు
మిర్చి బస్తాల చెవులు పట్టిన కొక్కెం అది.
చెక్కపిడి అరిగి అరిగి
వాని అరచెయ్యి లెక్కనే అయింది.
సీజనున్నన్ని నాళ్లు దానికీ పనే, వానికీ పనే.
వానలు పడ్డంక
ఇద్దరూ ఇంట్లనే ఉంటరు.

ఆషాఢంల ఒకనాడు మాపటీలి పోతే
మొలకు కొక్కెం లేదు.
ఓదెమ్మ పొయ్యి కాడ నిలబడ్డది, ఏం వండకుంట.
ప్రణీత్ చెప్పులేసుకొని గడప మీద కూసున్నడు.
ఇంట్ల ఉన్న పిలగాడు చెప్పులెందుకేసుకుంటడు?
ఉరకాల్నంటే ఆలస్యం కావద్దని.

నేనేం అనలే.
సంచి దించి, పీట గుంజుకొని
"చాయ్ పెట్టు ఓదెమ్మా, శక్కెర తక్కువ" అన్న.
హన్మకొండల మూడొద్దుల శిక్షణల
తెర మీద బాణం గుర్తులు గీసి చూపిచ్చిండ్రు
కోపం ఎట్ల ఎక్కుతదో, ఎక్కడ ఆపాల్నో.
చాయ్ మరిగేదాంక ఎంతసేపైతదో
ఆ బాణాలల్ల లేదు.

రేషన్ కార్డుల పిలగాని పేరెక్కిందా అని అడిగిన.
ఎక్కలే అన్నడు చేరాలు, గోడ దిక్కు మొఖం పెట్టి.
మీసేవకు ఎన్నిసార్లు తిరిగినవ్?
నాలుగుసార్లు.
అయిదోసారి నేనొస్త అన్న.
ఇగ ఒక్కొక్కటి ఇడిసిండు
తడిబస్తా కుట్టు ఇప్పినట్టు:
హాస్టల్ సీటు కాయిదం, వారం వారం గుంజే ఫైనాన్సు,
నడుముల పట్టేసిన నొప్పి,
బామ్మర్ది పెండ్లిల ఎవరో అన్న మాట.
రెండో చాయ్‌కి
లుంగీ మడతలకెళ్లి కొక్కెం తీసి
మొలకు తగిలేసిండు.
ఇనుముకు ఇనుము, టిక్కుమన్నది.
గడప మీద పిలగాడు చెప్పులిడిసిండు.

గంతే.
ఏం కాలే.

నెల మీటింగ్‌ల సార్ అడుగుతడు,
ఈ నెల ఎన్ని కేసులమ్మా?
రిజిస్టర్ల అయినదానికి గడులున్నయి:
దెబ్బ, దవాఖాన, ఠాణా, సెక్షన్.
కానిదానికి గడి లేదు.
సున్న రాసిన.
సున్నకు పెట్రోల్ పైసలు రావు.
ఐదు నెలల్సంది జీతమే రాలే, అది వేరే ముచ్చట.

రంగశాయిపేటల ఒకింటికి
మంగళారం పోవాల్సింది బుధారం పోయిన.
టైరు పంచరైంది. నిజంగనే పంచరైంది.
ఆ ఇంటికి మాత్రం గడులన్నీ నిండినయి,
నంబరు పడ్డది, జిల్లా పేజీల ఫోటో పడ్డది.
ఆమె పేరు ఈడ రాయ.
ఆమె పీట మీద నేనొక్కనాడన్న కూసోలే.

మళ్లోసారి పోయినప్పుడు చేరాలుతోని అన్న,
కొక్కెం మార్కెట్లనే, సంఘం గదిల పెట్టరాదు తమ్మీ అని.
నవ్విండు.
"పనిముట్టు ఇంటికి రాకుంటే
పని పోయినట్టుంటదక్కా."
వాడన్నది అబద్ధం కాదు. ఇంక మాట్లాడలే.

దసరా పోయింది. పత్తి వచ్చింది, పోయింది.
కొత్త మిర్చి దిగుతున్నది.
నిన్న గాలిల ఘాటుకు తుమ్ముకుంట గడప దాటిన.
మొల ఖాళీగున్నది.
గుండె దడేలుమన్నది.
పొయ్యి చూసిన, అన్నం ఉడుకుతున్నది.
చెప్పులు చూసిన,
బయటున్నయి, ఒకదాని మీద ఒకటి.
ప్రణీత్ పుస్తకంలకెళ్లి తల లేపకుంటనే
"సంఘంల పెట్టిండు అత్తా, వారమాయె" అన్నడు.

ఖాళీ మొల అప్పుడూ అట్లనే ఉండె,
ఇప్పుడూ అట్లనే ఉన్నది.
చూసి చెప్పరాదు.

పీట గుంజుకొని
చాయ్ అడిగిన.